తప్పు జవాబుల డబ్బా

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ బయాలజీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ ఫస్టియర్‌కి బయాలజీ చెబుతున్నాను. ఈ ఏడాది నుంచి పాఠాలన్నీ యాక్టివ్ లెర్నింగ్ పద్ధతిలో, అంటే పిల్లలు వినడమే కాకుండా తామే చేసి నేర్చుకునేలా, ఉండాలన్నారు. రాత్రుళ్లు కూర్చుని కణ విభజన మీద రంగుల వర్క్‌షీట్ తయారు చేశాను. బొమ్మలకు పేర్లు రాయడం, ఖాళీలు పూరించడం, జతపరచడం అన్నీ పెట్టాను. ఇద్దరు పుస్తకం చూసి నింపారు, మిగతావాళ్లు ఆ ఇద్దరిదీ చూసి దించేశారు. పది నిమిషాల్లో అయిపోయింది. పరీక్షలో మాత్రం ఎప్పటి తప్పులే. నేనెక్కడ పొరపాటు చేశాను?

జవాబు: అమ్మా, ఆ రాత్రుళ్లలో కణ విభజన బాగా నేర్చుకున్నది మీరొక్కరే. పుస్తకం తిరగేస్తే దొరికే జవాబుకి ఖాళీ వదిలితే పిల్లలకు అబ్బేది దించడమే.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు రాత్రులు మేలుకుని థర్మోకోల్‌తో జంతుకణం నమూనా చేశాను. మైటోకాండ్రియా లోపలి మడతలు కూడా తీర్చిదిద్దాను. పిల్లలు ‘భలే ఉంది సార్’ అన్నారు. వారం తర్వాత టెస్టు పెడితే, ‘మొక్కల కణాల్లో మైటోకాండ్రియా ఉండదు, వాటికి క్లోరోప్లాస్టులు ఉన్నాయి కదా’ అని దాదాపు సగం క్లాసు రాసింది. నా థర్మోకోల్ ఆ తప్పు నమ్మకం జోలికే పోలేదు. అసలు వాళ్ల బుర్రలో అలాంటిది ఒకటుందని నాకు తెలిస్తే కదా!

అప్పటి నుంచి చెప్పుల అట్టపెట్టె ఒకటి పెట్టుకున్నాను. పేపర్లు దిద్దేటప్పుడు కనిపించిన మంచి తప్పుల్ని చీటీల మీద రాసి అందులో వేసేవాణ్ణి. మంచి తప్పంటే బద్ధకంతో చేసింది కాదు. కాస్త ఆలోచించి చేసింది, వేర్వేరు బెంచీల వాళ్లు ఒకరినొకరు చూడకుండానే ఒకేలా చేసింది. తర్వాత నేను తయారు చేసిన మెటీరియల్ అంతా ఆ డబ్బాలోంచి వచ్చిందే. పాఠం పేరుతో మొదలుపెట్టకండి, తప్పుతో మొదలుపెట్టండి.

మీ కణ విభజననే తీసుకుందాం. ముగ్గురికో గ్రూపు చొప్పున ఊలు ముక్కలు నాలుగు ఇవ్వండి: ఎరుపులో ఒక పొడుగుది, ఒక పొట్టిది, నీలంలోనూ అలాగే. ఎరుపు తల్లి నుంచి వచ్చినవి, నీలం తండ్రి నుంచి వచ్చినవి. అంటే నాలుగు క్రోమోజోములున్న కణం. ఊలు ముట్టుకోకముందే ఎవరికి వారు కాగితం మీద ఒక్క జవాబు రాయాలి: డీఎన్ఏ రెట్టింపయ్యాక ఈ కణంలో క్రోమోజోములెన్ని? చాలామంది ఎనిమిది అంటారు. మీరు ఔననొద్దు, కాదనొద్దు. ఇంకో నాలుగు ముక్కలిచ్చి, దేనికి నకలు వచ్చిందో దానితో కలిపి మధ్యలో దారంతో కట్టమనండి.

ఇక్కడే అసలు తమాషా. ప్రతిసారీ ఒకటో రెండో గ్రూపులు పొడుగు ఎరుపుని పొడుగు నీలంతో కలిపి కట్టేస్తాయి. ఎక్స్ ఆకారంలో ఒక సగం అమ్మది, ఒక సగం నాన్నది అని వాళ్ల లెక్క. పుస్తకంలో బొమ్మ చూసినన్నాళ్లూ ఈ తప్పు బయటపడదు. ముడి వేయాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది. పక్క గ్రూపు వాళ్ల ముడి చూసి వాళ్లలో వాళ్లే వాదులాడుకుంటారు, ఐదు నిమిషాలు ఆడుకోనివ్వండి. ముడులు సరిగా పడ్డాక లెక్కపెట్టమనండి: సెంట్రోమియర్లు, అంటే ముడి పడిన చోట్లు, నాలుగు, కాబట్టి క్రోమోజోములు నాలుగే. రెట్టింపైంది డీఎన్ఏ. ఎనిమిదయ్యేది సెంట్రోమియర్లు విడిపోయినప్పుడు, అదీ కణం రెండుగా చీలేదాకానే.

అదే ఊలుతో మియోసిస్, అంటే బీజకణాలు తయారయ్యే విభజన, చేయించండి. కొన్ని గ్రూపులు మొదటి విభజనలోనే దారం విప్పి అక్కాచెల్లెళ్ల క్రొమాటిడ్లను, అంటే ఒకే ముడిలో ఉన్న రెండు నకళ్లను, విడదీస్తాయి. చిత్రమేమిటంటే చివరికి లెక్క సరిపోతుంది, నాలుగు కణాల్లోనూ రెండేసి క్రోమోజోములే వస్తాయి. అందుకే ఈ తప్పు పరీక్ష పేపర్లో దొరకదు. నేనైతే చివరి లెక్క అడగను. ‘మొదటి విభజన అయ్యాక ఒక్కో కణంలో ఎన్ని ఉన్నాయి?’ అని అడుగుతాను. నాలుగు ఉన్నాయని వాళ్లే చూసుకుని, సగమవ్వాల్సింది ఇక్కడ కదా అని తల గోక్కుంటారు. ఇక సరిగ్గా చేసిన గ్రూపుల్లో ఒకరు ఎరుపులన్నీ ఒకవైపు పెడతారు, ఇంకొకరు కలగలిపి పెడతారు. రెండూ సరైనవే. ఇద్దరి బీజకణాలూ బోర్డు మీద రాయించండి. రెండు జతలకే నాలుగు రకాలు వస్తే మనిషిలోని 23 జతలకి ఎన్నని అడగండి. 83 లక్షలకు పైగా వస్తుంది, అదీ క్రాసింగ్ ఓవర్ (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) లెక్కలోకి తీసుకోకుండానే.

చూశారా, రంగుల ప్రింటు ఎక్కడా అక్కర్లేదు. ఊలు లేకపోతే చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోన్ వైర్లతోనైనా నడుస్తుంది. ముందే రాయించిన ఆ ఒక్క ప్రశ్నే మెటీరియల్. క్లాసుకి ఇచ్చే ముందు ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్న పైకి చదివించండి, ఏం అర్థమైందో చెప్పించండి. నేను రాసిన ప్రశ్నల్లో సగం ఈ పరీక్షలోనే పోయేవి.

ప్రశ్న: చేతికి ఏమీ అందించలేని పాఠాలు ఉంటాయిగా? కిరణజన్య సంయోగక్రియకి ఏం చేయిస్తాం?

జవాబు: లెక్కలు అందించండి. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ప్రయోగం 1648లో అచ్చయింది. సుమారు 2.3 కిలోల విల్లో మొక్కని తొట్టిలో నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 77 కిలోలైంది. మట్టి తగ్గింది దాదాపు 57 గ్రాములు. ఈ అంకెలు మాత్రం ఇచ్చి, ఆయన ముగింపు ఇవ్వకండి. ఎండిన కలప బరువు ఎక్కణ్నుంచి వచ్చిందో రాయమనండి. ‘మట్టి నుంచి’ అనుకున్నవాళ్లకి ఆ 57 గ్రాములు గొంతులో అడ్డుపడతాయి. ఎక్కువమంది నీళ్ల దగ్గర ఆగుతారు. హెల్మాంట్ కూడా అక్కడే ఆగాడు, ఆ మాట చెబితే పిల్లలకి కాస్త ధైర్యం. తర్వాత గ్లూకోజ్ ఫార్ములా బోర్డు మీద రాసి, ఇందులో కార్బన్ ఎక్కడిదని అడిగి ఊరుకోండి. ఎండిన కలప బరువులో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందంటే నమ్మడానికి వాళ్లకి టైం పడుతుంది. నాకూ పట్టింది.

ప్రశ్న: ఏమీ రాని నలుగురిని ఒక గ్రూపులో వేసి చర్చించుకోమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టు కాదా?

జవాబు: నాకూ ఈ అనుమానం చాలా ఏళ్లు ఉండేది. 2009లో కొలరాడో విశ్వవిద్యాలయం జెనెటిక్స్ క్లాసులో చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. విద్యార్థులు ముందు ఎవరికి వారు జవాబు ఎంచుకున్నారు, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడి మళ్లీ ఎంచుకున్నారు. ఆపైన అదే సూత్రం మీద కొత్త ప్రశ్న ఇచ్చి ఒంటరిగా చేయమన్నారు. మొదట సరైన జవాబు ఎవరికీ తెలియని గ్రూపుల్లో కూడా కొత్త ప్రశ్నకి మెరుగు కనిపించింది. కారణాలు పైకి చెప్పుకుంటే డొల్ల ఎక్కడుందో వాళ్లకే వినిపిస్తుంది. కానీ చర్చ ముందు ఎవరి జవాబు వాళ్లు రాయడం తప్పనిసరి. అది లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి జవాబే గ్రూపు జవాబు అవుతుంది.

ప్రశ్న: ఇలా ఊలూ దారాలూ పట్టుకు కూర్చుంటే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?

జవాబు: అన్నీ ఇలా చేయమని ఎవరన్నారండీ? కపాల నాడుల పేర్లు పన్నెండూ కంఠస్థం చేయాల్సిందే, వాటికి ఆటలు కట్టడం దండగ. డబ్బాలో చీటీలు ఎక్కువ పడిన పాఠాలకే ఈ శ్రమ. నా లెక్కలో సెమిస్టర్‌కి ఐదారుకి మించవు. మిగిలినవాటిలో క్లాసు మధ్యలో ఒక ప్రశ్న, మూడు నిమిషాలు చాలు. ఇక సిలబస్ పూర్తి చేయడమంటే మనం పూర్తి చేయడమా, పిల్లలు చేయడమా? సైన్స్, ఇంజనీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, ఉపన్యాసమే విన్న క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు కనిపించింది.

ప్రశ్న: ‘మీరే చెప్పేయండి సార్, అప్పుడే బాగా అర్థమవుతుంది’ అని మా పిల్లలు గొడవ. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ఏం రాస్తారోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద 2019లో వచ్చిన అధ్యయనంలోనూ ఇంతే. తామే చేసి నేర్చుకున్నవాళ్లకి టెస్టులో మార్కులు ఎక్కువ వచ్చాయి, తక్కువ నేర్చుకున్నామన్న భావనా వాళ్లకే ఎక్కువ. ఈ సంగతి మొదటి వారంలోనే క్లాసుకి చెప్పేయండి. మొదటి టెస్టు కూడా ఆలస్యం చేయకుండా పెట్టి, ఊలు ముట్టుకోకముందు వాళ్లు రాసిన కాగితాలు అప్పుడు తిరిగి ఇవ్వండి. ‘ఎనిమిది’ అని రాసింది తామేనని కొందరు ఒప్పుకోరు, చేతిరాత చూపించాల్సి వస్తుంది.