బైబిలు సందేహాలు: నీనెవె విషయంలో దేవుడు మాట మార్చాడా?

ప్రశ్న: యోనా ప్రవక్త ప్రకటన విని అష్షూరు (అస్సీరియా) పట్టణమైన నీనెవెవారు మారుమనస్సు పొందితే దేవుడు వారిని విడిచిపెట్టాడు. తర్వాత నహూము ప్రవక్త అదే పట్టణం నాశనమవుతుందంటాడు. క్షమించాక మళ్లీ శిక్ష ఏమిటని పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
– సండేస్కూలు టీచరు, ఏలూరు

జవాబు: బైబిల్లో ఈ రెండు గ్రంథాల మధ్య ఉన్నది మీకా ఒక్కటే. కాలంలో మాత్రం చాలా దూరం. యోనా ఇశ్రాయేలు రాజు రెండవ యరొబాము నాటివాడు (2 రాజులు 14:25), అంటే క్రీ.పూ. 8వ శతాబ్దం. నహూము ఐగుప్తులోని నో అమోను (థీబ్స్) పట్టణ పతనాన్ని జరిగిపోయిన సంగతిగా చెబుతాడు (3:8). అది క్రీ.పూ. 663. నీనెవె కూలింది 612లో. అంటే దేవుడు ఆగింది నూట ముప్పై ఏళ్లకు పైమాటే.

ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో చెప్పకపోతే పిల్లలకు లెక్క కుదరదు. యోనా 3:8లో నీనెవె రాజు ప్రజలను బలాత్కారం, అంటే దౌర్జన్యం, మానమన్నాడు. తర్వాతి తరాలు మళ్లీ దానిలోకే దిగాయి. క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను అష్షూరువారి చేతిలో పడిపోయింది. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదాలోని లాకీషు పట్టణాన్ని పట్టుకుని, ఆ ముట్టడిని నీనెవెలోని తన రాజభవనం గోడల మీద రాతిలో చెక్కించుకున్నాడు. బందీలను కొయ్యలకు గుచ్చిన దృశ్యం కూడా అందులో ఉంది. ఆ పలకలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తాతల మారుమనస్సు మనవలకు ఆస్తిగా రాదు.

దేవుడు మాట మార్చలేదు. జనం తిరిగితే కీడు మానుతాననీ, చెడుతనంలోకి వెళితే చేస్తానన్న మేలు మానుతాననీ యిర్మీయా 18:7–10లో ఆయనే నియమం చెప్పాడు. నిర్గమ 34:6–7 కూడా చదివించండి. కనికరం, దీర్ఘశాంతం, దోషిని ఊరకే విడువకపోవడం అక్కడ ఒకే చోట ఉన్నాయి. యోనా 4:2 మొదటి సగాన్ని పట్టుకుంది, నహూము 1:3 రెండో సగాన్ని కూడా చెప్పింది.

చాలా క్లాసుల్లో పాఠం యోనా 3:10తో ఆపేస్తారు. నా మటుకు అది పెద్ద నష్టం. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమంది గురించీ, పశువుల గురించీ దేవుడు అడిగే ప్రశ్న 4:11లో ఉంది. ఆయన ఎందుకు ఆగుతాడో తెలిసేది అక్కడే. ఒక ఆదివారం యోనా 3, 4 అధ్యాయాలు, మరుసటి ఆదివారం 2 రాజులు 18, నహూము 1, ఆఖరున 2 పేతురు 3:9 చెప్పండి.

ప్రశ్న: మా సంఘంలోని ఒకాయన ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకుని తీర్చడం లేదు. దేవుడే ఓపిక పడుతుంటే నేను అడగడం తప్పా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఒంటరిగా అడగండి, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, ఆపై సంఘం ముందు (మత్తయి 18:15–17). విశ్వాసుల మధ్య తగవు సంఘంలోనే తీర్చుకోమని 1 కొరింథీ 6 చెబుతుంది కనుక పెద్దలకు అవకాశం ఇవ్వండి. అయితే అడిగినప్పుడు చెల్లిస్తానన్న నోటుకు చట్టంలో గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లే. మీరు ఓపిక పట్టినా ఆ గడువు ఆగదు. ఆలోపే కొంత సొమ్ము కట్టించుకుని, ఆ సంగతి నోటు వెనక తేదీతో ఆయన చేతే రాయించి సంతకం పెట్టించండి. అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.