మేనకోడలు పిల్లకి, శనివారం బర్గర్ పార్టీకి ముందు

బుజ్జీ,

పొద్దున్నే మీ నాన్న ఫోన్ చేశాడు. "దానికి మొదటి జీతం వచ్చిందంట. శనివారం ఆఫీసు పిల్లలకి కోరమంగళలో బర్గర్లు తినిపిస్తుందంట, అట్నుంచి అటే ఇందిరానగర్ పబ్బుకి పోతారంట. నువ్వన్నా ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. గొంతులో గర్వం ఎంతుందో భయమూ అంతే ఉంది. నాకూ అలాగే ఉంది. సొంత సంపాదనతో నలుగురికి పెట్టాలనుకున్నావు, కడుపు నిండిపోయింది. వెళ్లొద్దని చెప్పను. ఆ బెంగళూరు హోటల్ వంటగదుల్లో పెనం ముందు నిలబడి బతికినదాన్ని కాబట్టి, ప్లేటు మీ టేబుల్‌కి రాకముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. శ్రద్ధగా చదువు.

చిన్న విషయాలు ముందు. ట్రఫుల్స్ అనే బర్గర్ హోటల్‌కే వెళ్లేటట్టయితే శనివారం రాత్రి క్యూ తప్పదు, ఆరున్నరకల్లా చేరండి. ఒరిజినల్ ఐడీ దగ్గర ఉంచుకో. పబ్బు గుమ్మంలో 21 నిండాయా అని చూస్తారు, నీ మొహం చూస్తే ఇంటర్ పిల్ల అనుకుంటారు. నువ్వులు పడనివాళ్లు ఎవరైనా ఉంటే బన్ను మీద నువ్వులుంటాయని ముందే చెప్పు. శాకాహారులుంటే వెజ్ ప్యాటీని, అదే బన్ను మధ్యలో పెట్టే బిళ్లని, చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారా అని అడుగు. మెనూలో 'బఫ్' అంటే గేదె మాంసం. కర్ణాటకలో 2020 నాటి చట్టం ప్రకారం 13 ఏళ్లు దాటిన గేదెల్ని మాత్రమే కోయొచ్చు. ముసలి గేదె మాంసంలో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. అందుకే మంచి చోట్ల ఖీమాలో విడిగా కొవ్వు కలుపుతారు, కలపనిచోట ప్యాటీ ఎండిపోయి పొడిపొడిగా ఉంటుంది. తినాలా వద్దా అనేది నీ ఇష్టం, తినేది ఏమిటో మాత్రం తెలిసి తిను.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. నీ మొహమాటం.

చిన్నప్పుడు పెళ్లి బంతిలో వడ్డించేవాడు ఇంకో బూరె వేస్తే వద్దనలేక, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా తినేదానివి. ఇప్పుడు పదిమంది కొలీగ్స్ ముందు, డబ్బులిచ్చేది నువ్వే అయినప్పుడు, లోపల పచ్చిగా ఉన్న ప్యాటీ వస్తే వెనక్కి పంపుతావా? పంపవు. "పర్లేదులే" అని తినేస్తావు. బర్గర్ విషయంలో మనవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న తప్పు ఇదే, దీనికి ఇంకో తప్పు కూడా తోడవుతుంది. స్టేక్‌ని, అంటే పెనం మీద కాల్చిన పెద్ద మాంసం ముక్కని, లోపల ఎర్రగా ఉంచి తినే పద్ధతి చూసి, మందపాటి బర్గర్ కూడా అలాగే ఉంటే అదే అసలైన రుచి అనుకుంటారు. "మీడియమ్ రేర్ చెయ్యమంటారా" అని సర్వర్ అడిగితే, తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడి తలూపేస్తారు.

స్టేక్ ఒకే ముక్క. సూక్ష్మజీవులు ఉంటే దాని పైభాగానే ఉంటాయి, పెనం మీద రెండువైపులా బాగా కాలిస్తే చస్తాయి. ఖీమా అలా కాదు. మిషన్‌లో వేయగానే పైన ఉన్నదంతా లోపలికి కలిసిపోతుంది, పిండిలో పడిన రంగు చుక్కలాగా. పైగా ఒక గిన్నెడు ఖీమాలో చాలా జంతువుల మాంసం ఉండొచ్చు, ఒక్కదానిలో దోషం ఉన్నా గిన్నె మొత్తానికీ అంటుతుంది. అందుకే బఫ్ అయినా, మటన్ అయినా, ఖీమా ప్యాటీ నట్టనడుమ 71 డిగ్రీల సెల్సియస్ తగలాలి. చికెన్ అయితే 74. 1993లో అమెరికాలో ఒక చెయిన్ హోటళ్లలో సరిగ్గా ఉడకని బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ.కోలై ఓ157 అనే బాక్టీరియా చేసిన పని అది. చిన్నపిల్లల్లో అది కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది.

రంగు చూసి ఉడికిందని నమ్మొద్దు. కొంత మాంసం సరిపడా వేడి తగలకముందే గోధుమ రంగుకి తిరిగిపోతుంది, కొంత పూర్తిగా ఉడికినా గులాబీగానే ఉంటుంది. వంటగదిలో థర్మామీటరు సూదిని ప్యాటీ పక్కనుంచి నడిమధ్యకి గుచ్చి చూస్తాం. టేబుల్ దగ్గర నీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి మందం చూసి ఎంచుకో. 'స్మాష్' బర్గర్ అంటే 60 నుంచి 90 గ్రాముల ఖీమాని ఉండ చేసి బాగా కాగిన పెనం మీద వేసి, అట్లకాడతో పల్చగా నొక్కేసేది. అంచులు పల్చబడి కరకరలాడతాయి, రెండు మూడు నిమిషాల్లో నడుమ దాకా ఉడికిపోతుంది. రుచికి రుచి, భయం తక్కువ. 150, 180 గ్రాముల లావు ప్యాటీతోనే తంటా. మంట ఎక్కువ పెడితే పైన మాడి లోపల పచ్చి, తగ్గిస్తే వంట ఆలస్యం. శనివారం రాత్రి ముప్ఫై ఆర్డర్లు వరసలో ఉంటే వంటవాడు ఏది ఎంచుకుంటాడో ఊహించుకో.

కాబట్టి లావు ప్యాటీ అయితే ఆర్డర్ ఇచ్చేటప్పుడే "వెల్ డన్", అంటే లోపలిదాకా ఉడికించమని చెప్పు. వచ్చాక కొరకకముందు కత్తితో నడిమికి కోసి చూడు. ఉడికిన ఖీమా చెంచాతో నొక్కితే గింజగింజగా విడిపోతుంది. పచ్చిది జిగురుగా, మెరుస్తూ, ముద్దలా అంటుకుంటుంది. వేయించిన చికెన్ బర్గర్‌కీ ఇదే పరీక్ష. ఫ్రీజర్లో గడ్డకట్టిన ముక్కని నేరుగా నూనెలో వేస్తే పైపూత బంగారు రంగుకొచ్చేస్తుంది, లోపల మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. అనుమానం వస్తే సర్వర్‌ని పిలిచి, "అన్నా, లోపల ఉడకలేదు, వేరేది చేసివ్వండి" అను. అంతే. అదే ముక్కని మైక్రోవేవ్‌లో వేడిచేసి తెస్తే తీసుకోకు, బన్ను రబ్బరులా సాగుతుంది, వేడి కూడా సమానంగా తగలదు. నీ మాటకి లోపల ఎవరూ బాధపడరు. ప్లేటు వెనక్కి రావడం వంటగదిలో రోజూ ఉండేదే. కొత్త ప్యాటీ పడి నాలుగైదు నిమిషాల్లో తయారవుతుంది, పని జరిగిపోతుంది. సర్వర్లలో మన రాయలసీమ పిల్లలు ఎంతమందో, తెలుగులోనే చెప్పొచ్చు.

మయోనీజ్ గురించి కూడా ఒక్క మాట. పచ్చి గుడ్డుతో చేసినదాన్ని తెలంగాణ 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో అదే పని చేసింది. దానిలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా పెరగొచ్చు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ వదిలేస్తే మరీ ప్రమాదం. బల్ల మీద ఎండకి పెట్టిన బాటిల్ మయోనీజ్ ముట్టుకోకు. "ప్యాకెట్‌దా, ఇక్కడ చేసిందా" అని అడుగు, ఇక్కడిదే అంటే లేకుండా చెయ్యమను. ఫ్రైస్ నల్లబడి, పాత నూనె వాసన కొడితే ఆ పూట అక్కడ వేయించినవి మానెయ్. నూనెని ఎంతసేపు వాడొచ్చన్నదానికి ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క ఉంది, నూనె కాగి కాగి పాడైనకొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే పారబొయ్యాలి.

ఈ కాలం పిల్లలకి బర్గర్ ఇడ్లీ అంత మామూలు అయిపోయింది. 1995లో దేశంలో మొదటి కేఎఫ్‌సీ బెంగళూరులోనే తెరిచినప్పుడు ఎంత గొడవ! రైతు సంఘం వాళ్లు రోడ్డెక్కారు, మరుసటి ఏడాది దాని మీద దాడి కూడా జరిగింది. అప్పట్లో బయట తినడమంటే కోషీస్‌లో కూర్చుని కాఫీ, కట్లెట్. ఆ రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ పబ్బు ముందు నుంచి నడిచి వెళ్లేటప్పుడు లోపల్నుంచి గిటారు వినిపించేది. సరే, ఇవన్నీ ఇప్పుడెందుకులే.

పబ్బుకి వస్తే, బర్గర్ పూర్తిగా తిన్నాకే గ్లాసు పట్టుకో, ఖాళీ కడుపుతో వద్దు. గ్లాసుల్ని కాకుండా ఆల్కహాల్ గ్రాముల్ని లెక్కపెట్టు, ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఇక్కడి విస్కీ, రమ్ము, వోడ్కా సాధారణంగా 42.8 శాతం. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు అర లీటరు గ్లాసులో 20 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులు. "బీరే కదా" అనే మాట ఇక్కడే బోల్తాపడుతుంది. టోయిట్, ఆర్బర్ లాంటి సొంతంగా బీరు కాచేచోట బోర్డు మీద ఒక్కోదాని పక్కన ఎంత శాతమో రాసి ఉంటుంది, చదివి ఎంచుకో. ఎల్ఐఐటీ (లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ) అని తియ్యగా చల్లగా టీ రంగులో వచ్చేదాంట్లో వోడ్కా, జిన్, రమ్, టకీలా, ట్రిపుల్ సెక్ అయిదూ ఉంటాయి. తీపి వల్ల తెలియకుండా లోపలికి పోతుంది. ఒంట్లోంచి ఆల్కహాల్ గంటకి సుమారు 7, 8 గ్రాములే బయటికి పోతుంది, నిమ్మరసం తాగినా, కాఫీ తాగినా, స్నానం చేసినా అంతే. ప్రతి గ్లాసుకీ మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు తాగు. ఉప్పు ఫ్రైస్ తింటే వేసే దాహం నీళ్లది, దాన్ని బీరుతో తీర్చకు.

'హ్యాపీ అవర్స్ ఒకటికి ఒకటి ఫ్రీ' అంటే రెండోది కూడా అప్పుడే తెచ్చి పెట్టేస్తారు, వెచ్చబడుతుందని ఆదరాబాదరా తాగేస్తారు. తర్వాత తెమ్మని అడుగు, కుదరదంటే వదిలెయ్. రౌండ్లు తిరిగేటప్పుడు "ఒక్కటే, ప్లీజ్" అని బతిమాలేవాళ్లుంటారు. అప్పుడు కూడా ఆ పెళ్లి బంతి పిల్లవి కావద్దు, తల్లీ. "నాకు చాలు" అను, ఇంకో మాట చేర్చొద్దు. నీ గ్లాసు నీ కళ్లముందే పొయ్యాలి, బాత్రూముకి వెళ్లి వస్తే పాతదాన్ని తాగకు, కొత్తది తెప్పించుకో.

ఇంటికి ఎలా వెళ్లాలో మొదటి గ్లాసుకి ముందే తేల్చుకో. బార్లు ఒంటిగంటదాకా ఉంటాయి గానీ పదకొండు దాటితే మెట్రోని నమ్ముకోవద్దు. క్యాబ్ పదకొండు లోపలే బుక్ చెయ్, నంబరు ప్లేటు చూశాకే ఓటీపీ చెప్పు, ట్రిప్ లొకేషన్ నాకూ పంపు. బైకు టాక్సీ ఆ రాత్రికి వద్దు, తాగి వెనక కూర్చున్నా పడిపోతారు. తాగినవాడు "నేను దింపేస్తా" అంటే వాడు ఎంత మంచివాడైనా ఎక్కొద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారే 10 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి అలా ఉంచు, మారతహళ్లి రింగ్ రోడ్డు మీద రాత్రి లారీలు ఎలా పోతాయో నాకు తెలుసు. నాకు ఆ భయమే.

బిల్లు వచ్చాక చూడు. తిండి మీద జీఎస్‌టీ 5 శాతం, రెండున్నర చొప్పున రెండు ముక్కలుగా ఉంటుంది. మద్యం మీద జీఎస్‌టీ లేదు, వేస్తే తియ్యించు. సర్వీస్ చార్జ్ మీరు అడక్కుండా చేర్చకూడదని 2022లోనే మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని నిలబెట్టింది. తీసేయమంటే తీసేస్తారు, తీయకపోతే 1915కి ఫోన్ చెయ్. సర్వర్ బాగా చూసుకుంటే టిప్పు నగదుగా చేతిలో పెట్టు.

ఇంటికొచ్చాక కడుపులో తేడా చేస్తే ఎప్పుడు తిన్నదో గుర్తు చేసుకో. కొన్ని గంటల్లోనే వాంతులైతే ఎక్కువసార్లు నిల్వ తిండిలో పేరుకున్న విషమే. సాల్మొనెల్లా సాధారణంగా ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపల బయటపడుతుంది. ఓ157కి తరచుగా మూడు నాలుగు రోజులు పడుతుంది, శనివారం తిన్నది మంగళవారం తెలియొచ్చు. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలుపు, కొంచెం కొంచెంగా తాగు. విరేచనంలో రక్తం కనిపిస్తే లోపెరమైడ్ లాంటి ఆపే మాత్రలు వేసుకోవద్దు, మందుల షాపువాడు ఇచ్చే యాంటీబయాటిక్‌తో సరిపెట్టుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి పో. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మూడు రోజుల దాకా కూడా మద్యం ముట్టుకోకు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఈ రోజే కొని పీజీలో నీ బీరువాలో పెట్టుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆదివారం దాకా నీకు ఫోన్ చెయ్యొద్దని చెప్తాను.

మీ అత్త