కథలో పాత్రలకు పేర్లు ఎలా ఎంచుకోవాలి?

1950ల నాటి పల్లె కథలో పాత్రలకు ఏ పేర్లు పెట్టాలని అడిగారు. ముందు ఆ పల్లె ఎక్కడుందో తేల్చుకోండి. మన పాత పేర్లలో చాలావాటికి మూలం దగ్గరలోని దేవుడే కాబట్టి, సింహాచలం అప్పన్నను కొలిచే ఉత్తరాంధ్రలో అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, అహోబిలం నీడనున్న రాయలసీమలో ఓబులేసు, కొమురవెల్లి మల్లన్న జాతరకు బండ్లు కట్టుకొని వెళ్లే తెలంగాణ ఊళ్లలో కొమురయ్య, మల్లవ్వ వంటి పేర్లు వినగానే, వర్ణన లేకుండానే ఊరు కళ్లముందు నిలుస్తుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, ఈ బిడ్డయినా నిలవాలని పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి పెంటయ్య అని పిలుచుకునేవారు. ఆ ఒక్క పేరులో తల్లి కడుపుకోత అంతా ఉంది. ఆ కాలపు ముసలమ్మకు హారిక అని పేరు పెడితే మాత్రం పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. గుణాన్ని చాటే పేరు ప్రహసనానికే నప్పుతుంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో పిసినారికి లుబ్ధావధానులు అన్న పేరు చక్కగా అమరింది గానీ, గంభీరమైన కథలో అలాంటిది ఎబ్బెట్టుగా ఉంటుంది. రామయ్య, రాజయ్య, రంగయ్యలను ఒకే అరుగు మీద కూర్చోబెడితే, ఏ మాట ఎవరిదో తెలియక పాఠకుడు పుటలు వెనక్కి తిప్పవలసి వస్తుంది.