హైవే మీద తిరిగే థార్‌కి లిఫ్ట్ ఎంత ఉండాలి? మా మేనత్త ఆవకాయ జాడీని అడగాలి

అమలాపురంలో ఇల్లు, విశాఖపట్నంలో ఉద్యోగం, వారానికోసారి హైవే మీద రానూపోనూ ప్రయాణం, ఏడాదికి రెండు మూడుసార్లు గోదావరి లంకల్లోకో సముద్రపు ఒడ్డుకో వెళ్లడం. ఈ లెక్కకి మహీంద్రా థార్ జీపుని రెండు అంగుళాలు లేపించాలా (దీన్నే లిఫ్ట్ అంటారు), మూడా, దానికి ఏ కిట్ మంచిది అని మీరు అడిగారు. మూడు వద్దు. రెండు కూడా ఎక్కువే. అంగుళంన్నర దగ్గర ఆగండి. అదైనా, ముందు టైర్లు మార్చి ఆరు నెలలు నడిపాక ఇంకా కావాలనిపిస్తేనే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మూడు అంగుళాలు లేపించుకుని ఏడాది పాటు తిరిగిన మూర్ఖుణ్ణి నేనే.

మాది రావులపాలెం పక్కన ఊరు. 2021లో డీజిల్ థార్ కొన్నాను. వీడియోలు చూసి చూసి, ఆరు నెలలు తిరిగేసరికి నా బండి నాకే పొట్టిగా కనిపించడం మొదలైంది. తెలిసినాయన ఒక దుకాణం చూపించాడు, పేరు ఇక్కడ అనవసరం. ఆ దుకాణంవాళ్లు స్ప్రింగులు మార్చలేదు, షాక్ అబ్జార్బర్లు మార్చలేదు. ఉన్న స్ప్రింగుల పైన స్పేసర్లు అనే దిమ్మలు పెట్టి బిగించారు. పొట్టివాడి చెప్పుల కింద చెక్కలు కొట్టినట్టన్నమాట. సాయంత్రానికి బండి మూడు అంగుళాలు లేచింది. నేను అంతకంటే ఎక్కువే లేచాను.

మర్నాటి నుంచే మా మేనత్తతో తంటా. ఆవిడకి డెబ్బై దాటాయి, రెండు మోకాళ్లూ నొప్పులే. తలుపు తీసి పట్టుకుంటే లోపలికి ఓసారి, కిందికి ఓసారి చూసి, "ఇదేమిటిరా, కారెక్కమంటున్నావా, అటకెక్కమంటున్నావా?" అంది. వంటింట్లో పీట తెచ్చి వేస్తే గానీ ఎక్కలేకపోయింది. అప్పటినుంచి ఆ పీట బండి వెనకభాగంలోనే ఉండిపోయింది. జాకీ మరిచిపోయిన రోజు ఉంది గానీ పీట మరిచిపోయిన రోజు లేదు.

అసలు కథ మరుసటి మే నెలలో జరిగింది. రాజమహేంద్రవరంలో ఉన్న కొడుక్కి మా మేనత్త కొత్త ఆవకాయ పట్టుకెళ్తోంది. వాసెన కట్టిన జాడీ. దాన్ని గోనెసంచిలో కూర్చోబెట్టి, అటూ ఇటూ పాత దుప్పట్లు కుక్కి, వెనక పెట్టాం. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కగానే పడమటి గాలి అందుకుంది. ఎత్తు పెరిగిన బండికి గాలి తగిలే ఒళ్లు కూడా పెరుగుతుంది కదా. స్టీరింగ్ ఎప్పటికప్పుడు సర్దుతూ ఉండాల్సి వస్తోంది, వదిలితే దానంతటది మధ్యకి రావడం లేదు. వంతెన అతుకు వచ్చినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర ఠంగుమని ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. స్పేసర్ పెట్టడంతో షాక్ అబ్జార్బర్ ముందే సాగి నిలబడింది. చక్రం గుంతలోకి దిగాల్సి వచ్చినప్పుడు ఇంక సాగడానికి చోటులేక చివరికి వెళ్లి కొట్టుకుంటుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే ఆ చప్పుడు మగతనం లాగా వినిపించేది.

ముందు కొబ్బరికాయల లారీ. దాని ముందు, ఎదురుదారిలో వస్తున్న మోటార్ సైకిల్. హైవే మీద ఎదురుదారిన రావడం మన జిల్లాల్లో జన్మహక్కు అయిపోయింది, అర కిలోమీటరు చుట్టు తప్పించుకోవడానికి ప్రాణాలు పందెం వేస్తారు. సరే, లారీ బ్రేకు వేసింది, నేనూ వేశాను. బండి మూతి నేలకి వంగింది, వెనకభాగం తేలిపోయినట్టయింది, మొత్తం బండి ఎడమకి ఒక ఊపు ఊగి నిలబడింది. ఆగడం ఆగింది. నేను ఆగుతుందనుకున్న చోట మాత్రం కాదు. లారీ వెనక కట్టిన వల కన్నాల్లోంచి కొబ్బరికాయ పీచు నాకు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించింది. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి చిన్న చప్పుడు. జాడీ నిలువునా పగిలింది. నూనె దుప్పట్లు తడిపి, సంచి తడిపి, తివాచీ కిందికి ఇంకిపోయింది. మా మేనత్త నన్నొక్క మాట కూడా అనలేదు, కొంగుతో ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. వాన రోజుల్లో అద్దాలు మూస్తే ఇప్పటికీ బండిలో ఆవపిండి ఘాటు వస్తుంది.

ఆ వారమే చక్రాల అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు తెర మీద ఎర్ర అంకెలు చూపించి క్యాస్టర్ తప్పిందన్నాడు. అదేమిటంటే సైకిలు ముందు ఫోర్కు కొంచెం వాలుగా ఉంటుంది చూడండి, చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. థార్‌లో ముందు రెండు చక్రాలూ విడివిడిగా, ఆర్మ్‌లు అనే ఇనుప చేతుల మీద వేలాడతాయి. బండిని లేపితే ఆ చేతుల కోణం మారి వాలు తగ్గిపోతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. చక్రం నిలబడే తీరు కూడా మారుతుంది. నా ముందు టైర్ల బయటి అంచులు 8,000 కిలోమీటర్లకే నున్నగా అరిగిపోయాయి. చక్రాన్ని తిప్పే షాఫ్టు కీళ్లు మామూలుకంటే ఎక్కువ వంగి తిరుగుతూ ఉండటంతో ఒకదాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కక్కింది. వీటిలో ఒక్కటి కూడా ఆ దుకాణంవాళ్లు ముందుగా చెప్పలేదు. ఇంకొకటి, ముందుభాగం లేవడంతో నా దీపాలు ఎదుటివాళ్ల కళ్లలో పడేవి. నెలల తరబడి లారీ డ్రైవర్లు నాకు దీపాలు కొడుతుంటే, నా బండి చూసి ముచ్చటపడి పలకరిస్తున్నారనుకున్నాను.

పోనీ, ఇంత చేసి లంకల్లో పనికొచ్చిందా? 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు దిగిన వరద మీకూ గుర్తుండే ఉంటుంది. నీరు తీశాక ఒక లంక ఊరికి మంచినీళ్ల డబ్బాలు తీసుకుని బయలుదేరాను. గట్టు దిగి వంద గజాలు పోయానో లేదో కూరుకుపోయాను. టైరు గాళ్ల నిండా ఒండ్రు పట్టేసి చక్రం సబ్బుబిళ్లలా తిరుగుతోంది. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ బురదలో పీటేసుకుని కూర్చుంది. ట్రాక్టరుతో లాగిన కుర్రవాడు చక్రాలకేసి చూసి, "బండి ఎత్తుగానే ఉందండి, కాళ్లకి చెప్పులే లేవు" అన్నాడు. నేను డబ్బులు పోసి నేర్చుకున్నదంతా ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు.

వాడి మాటకి లెక్క కూడా ఉంది. స్ప్రింగు లేపితే చాసిస్ లేస్తుంది, వెనక ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. బురదలో, ఇసుకలో ముందుగా తగిలేది ఇరుసే. ఇరుసుని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. 255/65 ఆర్ 18 టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు, 255/70 అయితే 814. ఇరుసు కింద మీకు దక్కేది 13 మిల్లీమీటర్లు, చిటికెన వేలి మందమంత. దానికే స్పీడోమీటర్ 100 చూపించినప్పుడు మీరు 103లో పోతుంటారు. ఇంతకంటే పెద్ద టైరు వేస్తే బ్రేకుకీ మైలేజీకీ కూడా దెబ్బే. అందుకని సైజు పెద్దగా పెంచకుండా, గాళ్లు లోతుగా ఉన్న, రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయండి. ఇసుకలోకి దిగేముందు గాలి 18 పీఎస్ఐకి తగ్గించండి, రోడ్డెక్కేముందు మళ్లీ నింపండి. గాలి కొట్టే చిన్న కంప్రెసర్ ఖర్చు ఏ కిట్‌తో పోల్చినా చిల్లరే. ఓడలరేవు ఇసుకలో నన్ను బయటపడేసింది అదే. సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కడానికి కూడా లిఫ్ట్ కావాలని ఒకాయన నాతో వాదించాడు. అంబాసిడర్లు ఎక్కిన పంటు అది!

ఇప్పుడు నా బండి అంగుళంన్నర ఎత్తులో ఉంది. స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ ఒకదానికొకటి సరిపోయేలా తయారైన జత, స్పేసర్లు లేవు. క్యాస్టర్ తిరిగి హద్దులోకి వచ్చింది. బరువుతో పోతున్నప్పుడు కంపెనీ స్ప్రింగులకంటే బాగానే నిలబడుతోంది. అయినా నిజం చెబుతున్నాను, తేడాలో ముప్పాతిక వంతు షాక్ అబ్జార్బర్లదే, ఎత్తుది కాదు. మీది వారానికి నాలుగైదు వందల కిలోమీటర్ల హైవే కాబట్టి ఎత్తు పెంచకుండా మంచి షాక్ అబ్జార్బర్లు మాత్రమే వేయించినా నేను తప్పుపట్టను.

చట్టం సంగతి మీరు అడగలేదు గానీ అదీ ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా బండిని మార్చకూడదనేది దాని సారం. నేను బీమా వాళ్లకి చెప్పకుండా ఏడాది తిరిగాను. గౌతమి వంతెన మీద ఆ లారీకి తగిలి ఉంటే నష్టం జాడీతో ఆగేది కాదు.

కిట్ కంపెనీ పేరు చెప్పలేదని కోపం తెచ్చుకోకండి. మీ బండి బరువు తెలియకుండా పేరు చెప్పేవాడు అమ్మకందారుడే. ముందు ఇనుప బంపరూ, కూరుకున్న బండిని లాగే వించీ లేని బండికి, అవి ఉన్న బండి కోసం చేసిన గట్టి స్ప్రింగులు వేస్తే ఎడ్లబండే నయమనిపిస్తుంది. మీ దగ్గర ధాన్యం లారీలు తూచే కాటా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ట్యాంకు నింపి, మామూలుగా మోసుకెళ్లే సామాను వేసి, ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి మాత్రం పెట్టి ఒకసారి తూయించండి. ఆ రెండు అంకెలూ, ఇప్పుడున్న టైరు మీద రాసి ఉన్న సైజూ ఇక్కడ పెట్టండి. స్ప్రింగు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.