మంచిగా ఉంటే ఉద్యోగంలో ఎదగొచ్చా, అలుసైపోతామా?

"అందరికీ సాయం చేస్తాను, పనంతా నా నెత్తినే పడుతోంది, ప్రమోషన్ మాత్రం వేరేవాళ్లకి వస్తోంది" అని మీరు అడిగారు. మీరు మంచితనం అంటున్నదాంట్లో సగం మొహమాటమే అనిపిస్తోంది. మొహమాటానికి ఒప్పుకున్న పని ఆలస్యమవుతుంది, అప్పుడు సాయం చేశారన్న పేరు పోయి ఆలస్యం చేశారన్న పేరు మిగులుతుంది.

ఎవరైనా పని అడిగితే సరేననే ముందు ఎప్పటికి కావాలో, ఎంతవరకు చేస్తే సరిపోతుందో అడగండి. చేతిలో ఉన్నది పక్కన పెట్టాల్సి వస్తే ఆ నిర్ణయం మేనేజర్‌కి వదిలేయండి: "ఇది ఇవాళ చేస్తే రిపోర్టు గురువారానికి వాయిదా పడుతుంది, ఏది ముందు కావాలి?" కుదరదనుకుంటే అప్పుడే చెప్పేయండి. రెండు రోజులు నాన్చి కాదంటే అవతలివాళ్లకి ఇంకొకరిని వెతుక్కునే టైం కూడా ఉండదు. పని మొత్తం చేయలేకపోయినా, ఓ అరగంట కూర్చుని దారి చూపిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది.

ప్రమోషన్ దగ్గర మీ చిక్కు అసలు ఇక్కడుంది: పక్కవాళ్లకి చేసిన సాయం ఎవరి లెక్కలోనూ ఉండదు. అప్రైజల్ నాటికి మేనేజర్‌కి గుర్తుండేది ఈమధ్య జరిగినవే. అందుకని వారానికోసారి పది నిమిషాలు కూర్చుని ఎవరికి, ఏ పనిలో, దేనికి పనికొచ్చారో రెండేసి లైన్లు రాసుకోండి. ఇదే మేలు మీరూ ఇతరులకి చేయండి. మీటింగులో "అందరూ సహకరించారు" అంటే ఎవరికీ ఏమీ దక్కదు. "లెక్కలో తేడా పట్టుకున్నది ఫలానా ఆవిడ" అనాలి. అదే రోజు ఆవిడ మేనేజర్‌కి మూడు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం చేసింది, దానివల్ల ఏం తప్పింది. పొగడ్తలు అక్కర్లేదు, పని పేరు ఉంటే చాలు.

తప్పు ఎత్తిచూపాల్సినప్పుడు మాత్రం విడిగా, అదే రోజు చెప్పండి. "మీరెప్పుడూ ఇంతే" అంటే గొడవ. "నిన్నటి ఫైల్లో రెండు కాలమ్స్ తారుమారయ్యాయి" అంటే సరిదిద్దుకుంటారు. మొదటి మెయిల్‌లోనే వాళ్ల బాస్‌ని సీసీలో పెడితే ఆ సంబంధం అక్కడితో సరి. ముందు నేరుగా, తర్వాత ఫోన్ చేసి చెప్పండి. అప్పటికీ కదలకపోతే, ముందే ఆ మాట వాళ్లకి చెప్పి సీసీ పెట్టండి.

మీ తప్పైతే ఏమైందో, ఎవరి పని ఆగిందో, ఇప్పుడేం చేస్తున్నారో, మళ్లీ ఎప్పుడు కబురు చెబుతారో చెప్పండి. వివరణలు తర్వాత. 1990ల్లో హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు పొరపాటును దాచకుండా బయటికి చెప్పగలగడమే అందుకు కారణమని ఆవిడ తేల్చారు.

పక్క టీములవాళ్లనీ, ఉద్యోగం మారి వెళ్లిపోయినవాళ్లనీ వదిలేయకండి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. రోజూ కలిసేవాళ్లకి తెలిసిన కబుర్లు మనకీ తెలిసే ఉంటాయి, కొత్తవి వచ్చేది దూరంగా ఉన్నవాళ్ల దగ్గర్నుంచే. ఆర్నెల్లకోసారి, ఏమీ అడగకుండా ఓ పలకరింపు చాలు. పని పడ్డప్పుడే గుర్తొచ్చేవాళ్లని ఎవరైనా ఇట్టే పసిగట్టేస్తారు. మీరు మానేసి వెళ్లేటప్పుడు కూడా హ్యాండోవర్ నోట్‌లో సగంలో ఉన్న పనులు, ఏది ఎవరిని అడగాలో, తరచూ ఎక్కడ ఆగిపోతుందో రాసి వెళ్లండి. మీ తర్వాత వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేది దాన్నే.

ఇవన్నీ పని వచ్చినవాళ్లకే పనికొస్తాయి, పనితనం లేని లోటును ఏ పలకరింపూ పూడ్చదు. ఇంత చేసినా మీ పనికి తన పేరు పెట్టుకునే మేనేజరే దొరికితే, రాసుకున్న నోట్స్ ముందు పెట్టి ఒకసారి సూటిగా మాట్లాడండి. వచ్చే అప్రైజల్‌లోనూ అదే తంతు అయితే ఆ నోట్స్‌నే రెజ్యూమెగా మార్చి వేరే టీముకి అప్లై చేసేయండి.