పొలంలో ఒంటరిగా కనిపించిన కుందేలు పిల్లను ఇంటికి తెచ్చుకోవచ్చా?

వద్దు. చాలాసార్లు అది తల్లి వదిలేసిన పిల్ల కాదు.

మన చేలల్లో తిరిగే అడవి కుందేలు (చెవులపిల్లి) బొరియ తవ్వదు. గడ్డిలో ఒళ్ళు పట్టేంత పల్లం చేసుకుని, చెవులు వీపుకు ఆనించి కదలకుండా పడుకుంటుంది. పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడతాయి. తల్లి పగలు దూరంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. పక్కనే ఉంటే ఆ వాసనకు నక్క వస్తుంది మరి!

కోత మిషన్‌కు అడ్డంగా ఉంటే, గడ్డితో సహా ఎత్తి దగ్గర్లోని గట్టు పక్కన పెట్టండి. కుక్కలను కట్టేయండి. గాయమైతే అటవీ శాఖకు చెప్పండి. ఆవు పాలు పట్టొద్దు: విరేచనాలు పట్టుకుంటాయి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయినా బతకదు. చేతుల్లో పట్టుకుంటే బెదురుకే చచ్చిపోవచ్చు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పెంచడం నేరం.

బజారులో అమ్మే తెల్ల కుందేలు వేరే జాతి. దాని క్రోమోజోములు 44, అడవి కుందేలువి 48. రెండూ జత కలిసినా పిల్లలు పుట్టవు. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. తెలుగులో రెండింటికీ ఒకటే పేరు కావడంతోనే ఈ తికమకంతా.

చందమామలోని మచ్చను కుందేలుగా చూసి చంద్రుణ్ణి శశాంకుడన్నారు, శశమంటే కుందేలే. లేనిదానికి ‘కుందేటి కొమ్ము’, మొండివాదనకు ‘పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’. కళ్ళు తెరిచి నిద్రపోతుందన్న మాట మాత్రం ఉత్త కల్పన కాదు, రెప్ప పూర్తిగా వాల్చకుండానే కునుకు తీయగలదు.