అర్జీలోంచి ‘నిధులు’ అన్న మాట తీసేయండి

(మున్సిపల్ ఆఫీసు పనుల మీద పాఠకుల సందేహాలకు, అకౌంట్స్ సెక్షన్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరైన గుంటూరు మేడమ్ గారి జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. నేనూ మా ఫ్రెండ్సూ కలిసి తొమ్మిది మందిమి. ఐదేళ్ళుగా సాయంత్రాలు మా పేట పిల్లలకు కమ్యూనిటీ హాల్లో చదువు చెప్తున్నాం, పక్క ఖాళీ జాగాలో వాలీబాల్ ఆడిస్తున్నాం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో పుస్తకాలు, రెండు క్యారమ్ బోర్డులు, నెట్టు అన్నీ పోయాయి. చేతి డబ్బులతో మళ్ళీ మొదలుపెట్టాం. “మా యువజన సంఘానికి 5 లక్షల రూపాయల నిధులు మంజూరు చేయగలరు” అని నిరుడు ఏప్రిల్‌లో కార్పొరేషన్‌లో అర్జీ ఇచ్చాం. ఏడాది దాటింది. ఎవర్ని అడిగినా “ఫైలు పైన ఉంది” అంటున్నారు. కుర్రాళ్ళ కోసం ఖర్చు పెట్టడానికి కార్పొరేషన్‌కు డబ్బే ఉండదా? ఈ తిరుగుడుతో టెన్షన్ తప్ప ఏమీ రాలేదు. వదిలేద్దామా?

జవాబు: పనిని వదలకండి బాబూ. ఆ అర్జీని మాత్రం వదిలేయండి. “పైన ఉంది” అన్నది అబద్ధమేమీ కాదు. నేను చూసినంతలో ఇలాంటి అర్జీలు ఉండేది బీరువా పైనే.

మీ కాగితం టపాల్లో పడుతుంది, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని ఏదో ఒక సెక్షన్ గుమాస్తా బల్ల మీదికి చేరుతుంది. ఆయన నోట్ ఫైల్లో ముందు రాయాల్సింది “ఈ ఖర్చు ఏ పద్దు కింద?” అన్నది. (పద్దు అంటే బడ్జెట్‌లో ఒక్కో రకం ఖర్చుకు వేరుగా చూపించే ఖాతా.) పద్దు లేని ఖర్చు పెడితే ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాస్తారు. అది రిటైరయ్యాక కూడా వదలదు. (నా పెన్షన్ కాగితాలు 1,860 రూపాయల పాత అభ్యంతరం దగ్గర నాలుగు నెలలు ఆగాయి. ఆ కథ మరోసారి.) అందుకని ఆ గుమాస్తా ఔననడు, కాదనడు. ఫైలుకు దారం కట్టి పక్కన పెడతాడు.

చట్టంలో మీకోసం తలుపు లేదా అంటే, ఉంది. పేరు వేరు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. రోడ్లు, మంచినీళ్ళు, శ్మశానాలు, ఆఖరికి బందెల దొడ్డి కూడా ఉంది. ‘యువత’ అన్న మాట మాత్రం ఎంత వెతికినా దొరకదు! కానీ పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి. విద్య, సంస్కృతిని ప్రోత్సహించడం ఉంది. మురికివాడల అభివృద్ధి ఉంది. మీరు తట్టాల్సిన తలుపులు ఇవి.

గుంటూరులో ఒకే వారంలో వచ్చిన రెండు అర్జీలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకటి నాలుగు పేజీల టైపు కాగితాలు. రంగుల లెటర్‌హెడ్, పైన వివేకానందుడి బొమ్మ, లోపల “యువజనాభివృద్ధి నిమిత్తం 3 లక్షలు”. రెండోది లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన అర ఠావు, మూల మీద టీ గ్లాసు అడుగు మచ్చ. “మా కోర్టు పక్కన ఉన్న రెండు స్తంభాలకు లైట్లు లేవు. స్తంభాల నంబర్లు ఇవి. ఆరున్నర దాటితే బంతి కనపడటం లేదు. లైట్లు వేయించగలరు” అని బాల్‌పెన్నుతో రాశారు. కింద పదకొండు సంతకాలు. అందులో రెండు ఇంకా సంతకం చేయడం రాని పిల్లలవి, పేరు మొత్తం గుండ్రంగా రాసేశారు. వీధి దీపాలకు పద్దు ఉంది, స్టోర్స్‌లో సామాను ఉంది. ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వెళ్ళి స్తంభాలు చూసొచ్చారు. మూడు వారాల్లో లైట్లు వెలిగాయి. దాన్ని ఎవరూ యువజనాభివృద్ధి అనలేదు. పిల్లలు మాత్రం రాత్రి తొమ్మిది దాకా ఆడారు. నాకు బదిలీ అయ్యేనాటికి నాలుగు పేజీల అర్జీ ఇంకా కట్టలోనే ఉంది.

కాబట్టి మీ 5 లక్షలను ముక్కలు చేయండి. అందులో ఏమేం ఉన్నాయో మీరు నాకు రాయలేదు. అర్జీలోనూ రాసి ఉండరు. హాల్లో ఫ్యాన్లు, మరుగుదొడ్డి తలుపు, నీళ్ళ పంపు లాంటివైతే ఇంజనీరింగ్ వాళ్ళ మెయింటెనెన్స్ కిందికి వస్తాయి. జాగా చదును చేయించడం, చుట్టూ కంచె వేయించడం ఆటస్థలం కిందికి. ఒక్కోదానికి ఒక్కో కాగితం, ఒక్కో పేజీ మించకుండా. ఏఈ గారిని ఒకసారి జాగాకు తీసుకెళ్ళి చూపించి ఎస్టిమేట్ వేయించుకుంటే సగం పని అయినట్టే. అంకె లేని అర్జీకి ఎవరూ మంజూరు రాయలేరు. అయితే ముందు ఆ జాగా ఎవరిదో వార్డు సచివాలయంలో కనుక్కోండి. ప్రైవేటు స్థలమో, కాలవ పోరంబోకో అయితే కార్పొరేషన్ ఒక్క రూపాయి పెట్టలేదు. అడిగినందుకు ఉన్న ఆట కూడా ఆగిపోవచ్చు.

వీటన్నిటికంటే విలువైనది డబ్బు కాదు, హాలు వాడుకోవడానికి రాతపూర్వకమైన అనుమతి. ఐదేళ్ళుగా నోటిమాట మీద నడుపుతున్నారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. రేపు తాళంచెవి ఇంకొకరి చేతికి పోతే? “సాయంత్రం 5 నుంచి 8 దాకా, అద్దె లేకుండా” అని ఆర్డరు తెచ్చుకోండి.

కోచ్‌కు జీతం కార్పొరేషన్‌ను అడగొద్దు, రాదు. వేసవిలో పెట్టే క్రీడా శిక్షణ శిబిరాల్లో మీ జాగాను కూడా ఒక కేంద్రంగా పెట్టమని జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి రాయండి. క్యారమ్ బోర్డుల కోసం ఆఫీసు మెట్లెక్కొద్దు. ఆటో చార్జీలకే ఒక బోర్డు వస్తుంది.

ఇక ఏప్రిల్ సంగతి. ఏప్రిల్ 1న కొత్త బడ్జెట్ మొదలవుతుంది. మీరు అర్జీ ఇచ్చింది వడ్డన అంతా అయ్యాక. మేము డిసెంబరు, జనవరిల్లో సెక్షన్లన్నిటి నుంచీ అంచనాలు తెప్పించుకునేవాళ్ళం. దసరా వెళ్ళగానే కాగితాలు లోపలికి పడాలి. ఒక కాపీ మీ కార్పొరేటర్ గారికి ఇవ్వండి. కౌన్సిల్లో మీ ఆటస్థలం మాట ఎత్తాల్సింది వాళ్ళే.

“కేంద్రం నుంచి కోట్లు వచ్చాయని పేపర్లో చదివాం కదా” అంటారేమో. ఆ కోట్లను ఫలానా పనికే వాడాలని ముందే ముడి వేసి పంపిస్తారు. కేంద్రం సొమ్ము రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26కు సిఫార్సు చేసిన గ్రాంట్లలో, పది లక్షలు దాటిన నగరాల జాబితాలో ఉన్న విజయవాడకు వచ్చినవి గాలి నాణ్యత, నీళ్ళు, చెత్త కోసం. మా గుంటూరు లాంటి ఊళ్ళకు 60 శాతం నీళ్ళకూ పారిశుధ్యానికీ. అందులోంచి వాలీబాల్ నెట్టు కొంటే కమిషనర్ గారే సంజాయిషీ ఇచ్చుకోవాలి. కుర్రాళ్ళకు మిగిలేదల్లా కార్పొరేషన్ సొంత రాబడి, అంటే ముఖ్యంగా మన ఇంటి పన్ను. ఆ రాబడిలో జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలిన దాని కోసం డివిజన్లన్నీ కాసుకుని ఉంటాయి. ఇది సరైన ఏర్పాటని నేను అనను. ఆటకు కూడా ముడి వేసిన నిధి ఒకటి ఉండాల్సింది.

ఎంపీ గారి దగ్గరికీ వెళ్ళొచ్చు. ఎంపీల్యాడ్స్ (ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం) కింద ఏడాదికి 5 కోట్ల దాకా పనులు సిఫార్సు చేసే వీలుంది. పది కాలాల పాటు నిలిచే ఆస్తికే ఇస్తారు, జీతాలకూ నిర్వహణకూ పనికిరాదు. హాలు మీద ఇంకో గది కావాలంటే అడగదగ్గ చోటు అదే.

పాత అర్జీ ఏమైందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. “నా అర్జీ ఏమైంది” అని మాత్రమే అడగొద్దు. “పార్కులు, ఆటస్థలాల పద్దు కింద నిరుడు బడ్జెట్ ఎంత, ఖర్చు ఎంత” అని కూడా అడగండి. ఖర్చు కాకుండా మిగిలింది కనపడితే తర్వాతి అర్జీలో ఆ అంకె మొదటి వాక్యంగా రాయండి. నేను బల్లకు అటువైపు కూర్చున్న రోజుల్లో అలా అంకెతో మొదలైన కాగితాన్ని బీరువా మీద పెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

ప్రశ్న: అమ్మా, గుంటూరు సంగడిగుంట నుంచి రాస్తున్నాను. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు అని తీసుకుంటున్నారు. మా ఇంటికి దగ్గర్లో లైబ్రరీ లేదు. మా అబ్బాయి గ్రూప్-2కి చదవడానికి బ్రాడీపేటలో రీడింగ్ రూమ్‌కు నెలనెలా డబ్బు కడుతున్నాడు. మా సెస్సు ఎక్కడికి పోతోంది?

జవాబు: అడగాల్సిన ప్రశ్న అడిగారమ్మా. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీ పన్ను 4,000 అయితే 320 రూపాయలు పుస్తకాలకు పోవాలి. కార్పొరేషన్ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, అది కార్పొరేషన్ సొమ్ము కాదు. స్థానిక సంస్థలు ఆ జమ ఆలస్యం చేయడం కొత్తేమీ కాదు. నేను పనిచేసిన చోటా జరిగింది, ఆ జర్నల్ ఎంట్రీలు రాసిన చేతుల్లో నాదీ ఒకటి.

మీరు అడగాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థను. పూర్తి శాఖ అంటే భవనం, ఉద్యోగి కావాలి కాబట్టి ఏళ్ళు పడుతుంది. పుస్తక నిక్షేప కేంద్రం అడగండి. ఒక గది, నమ్మకంగా చూసుకునే మనిషి ఉంటే సంస్థ పుస్తకాలు పంపుతుంది, కొన్నాళ్ళకు మారుస్తుంది. గది మాత్రం మీ పేటవాళ్ళు చూపించాలి. పైన రాసిన సింగ్ నగర్ కుర్రాళ్ళకూ ఇదే చెప్తాను. రామమోహన గ్రంథాలయం 1911లో వెలిసిన ఊరు వాళ్ళది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ అక్కడే.

ప్రశ్న: ఇలాంటి పనులకు సంఘాన్ని రిజిస్టర్ చేయించడం తప్పనిసరా? — తాడేపల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లైటు అడగడానికి అక్కర్లేదు. మీ చేతికి డబ్బు రావాలంటే కావాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తారు. తర్వాత పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్సార్ డబ్బు మీద ఆశ ఉంటే ఇవాళే రిజిస్టర్ చేయించండి. వాళ్ళు మూడేళ్ళ పని చూపించమంటారు, ఆ మూడేళ్ళు ఎప్పుడో ఒకప్పుడు మొదలవ్వాలి కదా. ఏటా సభ్యుల జాబితా, లెక్కలు దాఖలు చేయడం మరిచిపోతే మాత్రం పేరుకే సొసైటీ. కోశాధికారిగా లెక్కలు రాసే ఓపిక ఉన్న అమ్మాయిని పెట్టుకోండి, వక్తను కాదు.